దస్తగిరన్న వక్క తీసుకోలేదు

ఆళ్లగడ్డలో కాంట్రాక్టర్ల మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు: "దస్తగిరి పెద్దమనిషని పేరేగానీ, వంక మోరీ టెండరు నాడు ఆయప్ప కూడా రింగులో కలిసినోడే." ఆయన కలవలేదు. ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు లేడు. ఆ రోజు ఆయన టెండరు నంద్యాల ఆఫీసు చేరకుండా చేసింది నేనే.

ఈ ఏడు కాంట్రాక్టు పని మానేశాను. నడుం నొప్పి అని అందరికీ చెప్పాను. నొప్పి నిజమే, పని మానాల్సినంత నొప్పి మాత్రం కాదు. ఇప్పుడు మా తమ్ముడి అల్లుడు, వాడి స్నేహితులు ఇద్దరు ముగ్గురు ఈ పనిలోకి దిగుతున్నారు. "మామా, నీ అనుభవం చెప్పు" అని అడిగితే సున్నం ఎన్నాళ్లు నానాలో, రాయి ఎక్కడ దొరుకుతుందో చెప్పి పంపాను. వాళ్లు వెళ్లాక నవ్వొచ్చింది. అవి ఏ మేస్త్రీని అడిగినా చెబుతాడు. వాళ్లకు నేను చెప్పాల్సింది వేరే ఉంది.

వక్కల పళ్లెం

ప్రభుత్వం వాగు దాటడానికి ఒక మోరీ కట్టాలన్నా, రోడ్డుకు కంకర వేయాలన్నా, కాలువలో పూడిక తీయాలన్నా టెండరు పిలుస్తుంది. ఆఫీసు వరండాలో తాళం వేసిన డబ్బా ఒకటి ఉంటుంది. మధ్యాహ్నం లోపల ఎవరి కవరు వారు అందులో వేయాలి. తర్వాత డబ్బాకు సీలు వేసి, అందరి ముందూ తెరిచి, తక్కువకు చేస్తానన్నవాడికి పని ఇస్తారు. పుస్తకంలో టెండరంటే ఇంతే.

మా టెండరు డబ్బా దగ్గర జరిగేది కాదు. ఆఫీసుకు ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో, పొద్దున్నే, ఇడ్లీలు తినేటప్పుడు జరిగేది. కాంట్రాక్టర్లమంతా బల్ల చుట్టూ చేరేవాళ్లం. ఈసారి పని ఎవరి వంతో వాడు పళ్లెంలో వక్కలు పోసి అందరి ముందూ తిప్పేవాడు. వక్క తీసుకుంటే ఒప్పుకున్నట్టు. మిగిలిన వాళ్లం అతనికంటే ఎక్కువ రేట్లు రాసి, పోటీ ఉన్నట్టు కవర్లు వేసేవాళ్లం. మన వంతు వచ్చినప్పుడు మన పళ్లెం తిరిగేది. దీన్నే రింగు అనేవాళ్లం. కాగితం లేదు, సంతకం లేదు. మా వైపు పెళ్లికి పిలిచినా, పొలం కౌలుకిచ్చినా వక్క చేతిలో పెడితే మాట ఖాయమైనట్టే. అంత మంచి ఆచారాన్ని మేం అట్లా వాడుకున్నాం.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో పనులు బాగా వచ్చాయి. పళ్లెం కూడా పెద్దది కొన్నాం.

రింగులో హాస్యానికి లోటు ఉండేది కాదు. మా బట్టలకొట్టు సుబ్బయ్యకు ఇటుకకూ రాయికీ తేడా తెలియదు. లైసెన్సు ఉందని లెక్కకు ఒక కవరు అతని చేత వేయించేవాళ్లం. ఏళ్ల తరబడి వేసి వేసి అతనికి తానూ కాంట్రాక్టరునే అన్న నమ్మకం కుదిరింది. కూతురి పెళ్లి పత్రికలో పేరు పక్కన "కాంట్రాక్టరు" అని అచ్చు వేయించుకున్నాడు. మేమందరం వెళ్లి భోజనం చేసి వచ్చాం.

మద్రాసు వైపు నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన మా కవర్లు తెరిచి తెరిచి విసిగిపోయి ఒకసారి అన్నాడు: "మీ ఊళ్లో వింతగా ఉందయ్యా. అందరూ ఒకే రోజు లెక్కలు మర్చిపోతారు, ఒక్కడికే గుర్తుంటాయి." మేం గట్టిగా నవ్వాం. ఆయనా నవ్వాడు. ఆ నవ్వుతో సరిపెట్టుకుని సంతకం చేశాడు. ఆఫీసర్లకు తెలియదని ఎవరైనా అంటే నమ్మకండి. వాళ్లకు తెలుసని మాకూ తెలుసు.

మద్దిలేటప్ప

నాకు పని నేర్పింది మద్దిలేటప్ప. ఆయన దగ్గర గుమాస్తాగా చేరాను, లైసెన్సు ఆయనే ఇప్పించాడు. ఆయన ఎవరినీ కొట్టగా, తిట్టగా నేను చూడలేదు. ఎదుటివాడికి అన్నం పెట్టి, వాళ్ల పిల్లల చదువులు అడిగి, కాదనడానికి మొహమాటపడేలా చేసేవాడు. సంత రోజున కూలీలకు కూలి ఇవ్వకుండా తాను ఇంటికి పోయేవాడు కాదు. ఇది కూడా రాయాలి. చెడ్డవాడి దగ్గర పని నేర్చుకుంటున్నామని తెలిస్తే జాగ్రత్త పడతాం. మంచివాడు తప్పు నేర్పితే అది పనిలో భాగమనే అనుకుంటాం.

అప్పుడు వంక మోరీ టెండరు వచ్చింది. ఆళ్లగడ్డ, శిరివెళ్ల మధ్య పెద్ద రోడ్డు నుంచి దస్తగిరన్న ఊరికి చీలే దారిలో వంక, అంటే చిన్న వాగు, ఒకటి ఉంది. వానాకాలం వస్తే ఊరు అవతల, లోకం ఇవతల. ఆ పని మద్దిలేటప్ప వంతు.

దస్తగిరన్నకు కొద్దిపాటి పొలం, ఒక రాతి గని, మాలాగే లైసెన్సు ఉండేవి. నాకంటే పెద్దవాడు. చిన్నప్పటి నుంచీ ఒకరికొకరం తెలుసు. ఆయనకు కాంట్రాక్టు చేతి పని మాత్రమే, ప్రాణమంతా పంచాయితీల మీదే. అన్నదమ్ముల వాటాలు, గట్టు తగాదాలు, మొగుడూ పెళ్లాల అలకలు అన్నీ ఆయన ఇంటి ముందు నాపరాళ్ల అరుగు మీదికే వచ్చేవి. అన్నం ముందు కూర్చున్నా సరే, బయట ఎవరైనా "అన్నా, న్యాయం చెప్పు" అంటే చేయి కడుక్కుని లేచేవాడు.

మద్దిలేటప్ప పంపితే ఆయన దగ్గరికి వక్క తీసుకుని నేనే వెళ్లాను.

"నేను తీసుకోను కేశవులూ," అన్నాడు. "పంచాయితీ చేసేటోడు వక్క తింటే ఇద్దరిదీ తినాల. లేకుంటే ఎవురిదీ తినగూడదు."

"ఇది పంచాయితీ కాదు గదన్నా, టెండరు."

"టెండర్లో మాత్రం ఇంకో పక్క ల్యాకుండా ఉంటాదా? ఆ మోరీ మింద బండి తోలేటోడు ఉండాడే, వాడు. వాణ్ణి ఒగనాడన్నా మీ హోటలుకు పిలిచినారా?"

అంచనా కంటే తక్కువకే కడతానని ఊరివాళ్లకు అప్పటికే మాట ఇచ్చాడు. ఆ మాట మద్దిలేటప్పకు చేరవేశాను. ఆయన కాసేపు మీసం దువ్వుకున్నాడు.

"రేయ్ కేశవులూ, ఆయప్పకు యావ దేని మింద?"

"పంచాయితీల మింద."

"అయితే ఒక పంచాయితీ పెట్టియ్యి."

శిరివెళ్ల పంచాయితీ

ఇప్పుడు రాయబోయేది తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, సిగ్గూ వస్తుంది. ఏది ముందు వస్తుందో రోజును బట్టి ఉంటుంది.

నాకు రాయి తోలే బండివాళ్లు ఇద్దరు ఉండేవాళ్లు, తిరుపాలు, పుల్లయ్య. టెండరు రోజు పొద్దున శిరివెళ్లలో బస్సు ఆగే చోట రోడ్డుకు అడ్డంగా బండ్లు నిలబెట్టి పోట్లాడుకోమన్నాను. తిరుపాలు బండి గుద్దితే పుల్లయ్య బండి కాడి విరిగిందని గొడవ. మా కొట్టంలో పాత విరిగిన కాడి ఉంటే అదీ ఇచ్చాను. నేను ఆళ్లగడ్డలో బస్సెక్కాను, దస్తగిరన్న తన ఊరి దారి చీలే చోట ఎక్కాడు. నాదీ ఒక పూడిక టెండరు ఉందని చెప్పాను. నా సంచిలో ఉన్నది ఖాళీ కవరు.

శిరివెళ్లలో బస్సు ఆగింది. దారికడ్డంగా బండ్లు, చుట్టూ జనం. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏందప్పా గలాటా?"

"దస్తగిరన్న వచ్చినాడు! అన్నా, నువ్వే చెప్పు, ఈ నా కొడుకు నా కాడి ఇరగ్గొట్టినాడు!" అని పుల్లయ్య అరిచాడు. అరుపులో కొంచెం నాటకాల కంపెనీ వాసన వచ్చింది. దస్తగిరన్న పట్టించుకోలేదు. అప్పటికే ఒక కాలు కింద పెట్టాడు.

జనం బండ్లు పక్కకు లాగారు. డ్రైవరు హారను కొట్టాడు. "నువ్వు పో కేశవులూ, నేను ఎనక బస్సులో వస్తా" అన్నాడు ఆయన. "నిన్ను ఒక్కణ్ణే వదిలి పోతానా అన్నా" అని నేనూ దిగాను. ఆయన నా భుజం తట్టాడు. ఆ తట్టడం ఇప్పటికీ గుర్తుంది.

కాడి గొడవ ఆయన చూపు ముందు ఎక్కువసేపు నిలవలేదు. విరిగిన చోట చెద పట్టి ఉంది. "ఇది ఇయ్యాల ఇరిగింది కాదు గదరా" అన్నాడు. అంతలో పుల్లయ్య, మాట తప్పించడానికో ఏమో, "కాడి పోతే పోనీ అన్నా, వీడు నాకు అమ్మిన ఎద్దు సంగతి ఏంది?" అన్నాడు.

ఇది నేను చెప్పింది కాదు.

"ఎద్దుకేమైందిరా?" అన్నాడు తిరుపాలు. ఈసారి గొంతులో నాటకం లేదు.

"ఏమైందా? నడిరోడ్డు మింద పండుకుంటాది! నీళ్లు పోసినా లేయదు, తోక మెలేసినా లేయదు. పెండ్లికి పోతాంటే పండుకుంటే, నా పెండ్లాం నడిచి పోయింది. ఇంతవరకూ నాతో సరిగ్గా మాట్లాడదు!"

"నా దగ్గర ఒగనాడు పండుకోలేదు. నీ మొగం చూసి పండుకుంటాది!"

ఇద్దరూ నిజంగానే కలబడ్డారు. నేను డబ్బులిచ్చి పెట్టించిన గొడవను విడిపించడానికి నేనే మధ్యలో దూరాను. నా చొక్కా చిరిగింది. దస్తగిరన్న మాత్రం రాయి మీద కూర్చుని, ఆ ఎద్దు ఎప్పుడు పడుకుంటుంది, జత ఎద్దు ఏది, మేత ఎవరు వేస్తారు అని ఒక్కొక్కటే అడిగాడు. వెనక బస్సు వచ్చింది, వెళ్లింది. చేతి సంచిలో ఆయన టెండరు అట్లాగే ఉంది.

చివరికి తీర్పు చెప్పాడు. "ఈ పంట కాలమంతా ఇద్దరూ ఒకే బండి కట్టండి. తిరుపాలు ఎద్దు ఒగటి, ఈ పండుకునే ఎద్దు ఒగటి. బాడుగ చెరిసగం. ఎద్దు లేచి నడిస్తే తిరుపాలు మాట నిజం. పండుకుంటే ఇద్దరూ కలిసి లేపాల."

జనం పగలబడి నవ్వారు. వాళ్లిద్దరూ కూడా నవ్వారు, ఒప్పుకున్నారు. ఆచారం ప్రకారం చెరొక వక్కా ఆకూ ఆయన చేతిలో పెట్టారు. ఆయన ఇద్దరివీ కలిపి నోట్లో వేసుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది టెండరు.

మేం నంద్యాల చేరేసరికి డబ్బాకు సీలు పడింది. ఆఫీసు ముందు రింగంతా నిలబడి ఉంది. మోరీ ఎవరికొస్తుందో చూద్దామని దస్తగిరన్న ఊరి నుంచి ఇద్దరు రైతులు కూడా వచ్చారు. మద్దిలేటప్ప చేతులు జోడించి ఎదురొచ్చాడు.

"రాన్నా రా! నోరు బాగా పండిందే. యాడ ఏసుకున్నావ్ వక్క?"

"శిరివెళ్లలో," అన్నాడు దస్తగిరన్న. తీర్పు బాగా కుదిరిన సంతోషం ఇంకా దిగలేదు ఆయనకు.

రింగంతా నవ్వింది. ఆ ఇద్దరు రైతులు ఆయన ఎర్రటి నోటి వైపు చూశారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వక్క తీసుకోవడమంటే ఏమిటో జిల్లాలో తెలియని రైతు లేడు. నేను ఒక్క మాట చెబితే సరిపోయేది. చిరిగిన చొక్కా సర్దుకుంటూ నిలబడ్డాను.

మామిడిపండ్ల గంప

ఆ వేసవిలో మా ఇంటికి ఒక గంప బనగానపల్లె మామిడిపండ్లు వచ్చాయి. దస్తగిరన్న పంపాడు. "నా పంచాయితీ పిచ్చి వల్ల నీ టెండరు కూడా పాయ. ఏమనుకోవద్దు" అని తెచ్చిన మనిషితో చెప్పి పంపాడు.

నేను తిన్నాను. పండ్లు బాగున్నాయి. మరుసటి వేసవిలోనూ గంప వచ్చింది. ఆ తర్వాతి వేసవిలోనూ వచ్చింది. మా ఇంట్లో పిల్లలు ఎండలు మొదలవగానే "దస్తగిరి పెదనాయన గంప ఎప్పుడొస్తాది?" అని అడగడం మొదలుపెట్టారు.

మోరీ మద్దిలేటప్పకే వచ్చింది, అంచనా కంటే బాగా ఎక్కువకు. పోటీ లేనివాడు జాగ్రత్తగా కట్టడు. ఇది నా వృత్తి మొత్తంలో నేను నేర్చుకున్న ఒకే ఒక ఇంజనీరింగు. రెండో వానాకాలానికి మోరీ పక్క గోడ వంకలోకి ఒరిగింది. మళ్లీ గోడ కట్టడానికి టెండరు పిలిచారు. దానికీ పళ్లెం తిరిగింది. ఈసారి వంతు నాది.

ఆ గోడ నేను బాగానే కట్టాను, ఎవరైనా వెళ్లి చూడొచ్చు. కానీ ఊరివాళ్లు నమ్మలేదు. మోరీ పైన మేకలు ఎక్కేవి, బండ్లు పక్కన వంకలో దిగి పోయేవి. బస్సు కూడా అవతల పెద్ద రోడ్డు మీదే ఆగి హారను కొట్టేది.

దస్తగిరన్నను ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు. అని ఉంటే ఆయన జవాబు చెప్పుకునేవాడు. అరుగు దగ్గరికి రావడం మానేశారు, అంతే. సొంత తమ్ముడికి గట్టు తగాదా వస్తే పక్క ఊరి పెద్దమనిషి దగ్గరికి పోయాడు. ఆ సంగతి చెబుతూ మా మేస్త్రీ అన్నాడు: "ఆయన పొద్దున లేచి అరుగు కడుగుతాడయ్యా. మళ్లీ ఆయనే ఒక్కడూ కూర్చుంటాడు."

కాడి ఒక్కటే అబద్ధం

ఈ వేసవిలో గంప ఆయనే తెచ్చాడు. పంపడానికి మనిషి దొరకలేదట. చెమట తుడుచుకుంటూ, "నీ బాకీ ఇంకా తీరలేదులేప్పా" అన్నాడు. ఇక ఆ గంపను ఇంట్లోకి తీసుకుపోవడం నా వల్ల కాలేదు. అక్కడే, గుమ్మంలోనే, అంతా చెప్పేశాను. మద్దిలేటప్ప, విరిగిన కాడి, ఖాళీ కవరు, అన్నీ.

ఆయన తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను.

"ఆ ఎద్దు కతా అబద్ధమేనా?" అని అడిగాడు.

"లేదన్నా. ఎద్దు నిజం. కాడి ఒక్కటే అబద్ధం. వాళ్లిద్దరూ ఇప్పటికీ ఒకే బండి కడతాండారు."

"ఎద్దు లేచిందా?"

"ఇద్దరూ లేపుతాండారు."

ఆయన ఊపిరి వదిలాడు. "అట్లయితే తీర్పు చెడిపోలేదు." తర్వాత నా కళ్లలోకి చూశాడు. "నీ తీర్పు చెప్తా ఇను. మా ఊరికి రా. నాకు చెప్పినట్టే, పగటి పూట, నలుగురిలో చెప్పు."

మరుసటి రోజే వెళ్లాను. ఆయన ఇంటి ఎదురుగా అంగడి ముందు నిలబడి చెప్పాను. అంతా విన్నాక లక్ష్మమ్మ అనే ముసలామె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఇట్ల చెప్పమని దస్తగిరి నీకెంత ఇచ్చినాడు నాయనా?"

అందరూ నవ్వారు. పిల్లలారా, మీరు వినాల్సింది ఇదే. ఇన్నేళ్లూ వక్కలతో మాటలు కొన్న మనిషి చివరికి నిజం చెప్పినా, దాన్ని ఎవరో కొన్నారనే అనుకుంటారు.

"కాదత్తా, ఆయప్ప మొగం చూడు. నిజమే చెప్తాండాడు," అన్నాడు ఒక రైతు. మోరీ టెండరు నాడు నంద్యాల వచ్చిన ఇద్దరిలో ఒకడు. రెండోవాడు ఒప్పుకోలేదు. "మొగమేందిరా, దస్తగిరన్న నోరు చూడలేదా నువ్వు ఆ పొద్దు? ఎర్రగా!" మాటా మాటా పెరిగింది. అంగడి ముందు నుంచి గొడవ రోడ్డు మీదికొచ్చింది, రోడ్డు దాటింది. ఎవరూ అనుకుని చేయలేదు, పాత అలవాటు కాళ్లలో ఉండిపోయిందేమో, అందరూ వెళ్లి దస్తగిరన్న అరుగు ముందు నిలబడ్డారు.

"అన్నా, నువ్వే చెప్పు. ఈయప్ప మాట నిజమా, అబద్ధమా?"

"నా యవ్వారానికి నేనే తీర్పు చెప్పేదేందిరా?" అన్నాడు ఆయన. అంటూనే భుజం మీది తువ్వాలుతో నాపరాయి తుడిచాడు. "అయినా కూర్చోండి. ఇద్దరి మాటా ఇననీ."

కూర్చున్నారు. అరుగు నిండింది.

వంక అవతల బస్సు హారను వినిపించింది. ఆళ్లగడ్డకు ఆ రోజు అదే ఆఖరు బస్సు. నేను సంచి తీసుకుని లేచాను.

"యాడికి పోతాండావ్?" అన్నాడు దస్తగిరన్న. "కూర్చో. బస్సు పోతే పోనీ. నీ పక్క చెప్పేదానికి నువ్వొక్కడివే ఉండావ్."

కూర్చున్నాను. బస్సు వెళ్లిపోయింది. లక్ష్మమ్మ కొంగు ముడి విప్పి వక్క తీసి ఆయన వైపు చేయి చాపింది. ఆయన అరచేయి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడే వద్దు లక్ష్మమ్మా. ఇద్దరిదీ ఇన్నాక."